ఊరు చూడలేదు

మా ఊరు మా అమ్మానాన్నల్ని వెలి వేసిందన్న సంగతి నాకు ఫోనులో తెలిసింది. విజయవాడ పటమటలో నేను పనిచేసే కాలేజీలో, ఒక క్లాసు అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోపు స్టాఫ్ రూములో కూర్చుని ఉన్నాను. అమ్మ ఫోన్ చేసి నా ఆరోగ్యం అడిగింది, మా పిల్ల చదువు అడిగింది. తర్వాత, కరెంటు పోయిందని చెబుతున్నట్టుగా, "మాతో ఎవరూ మాట్లాడటంలేదమ్మా" అంది.

ఎవరితో గొడవైందని అడిగాను.

"ఎవరితోనూ అవలేదు. అందరూ మానేశారు."

నేను డిగ్రీ పిల్లలకు సోషియాలజీ చెబుతాను. సమాజమంటే మనుషుల గుంపు కాదనీ, మనుషుల మధ్య ఉండే సంబంధాల అల్లిక అనీ ఏటా జూన్ నెలలో బోర్డు మీద రాస్తాను. పిల్లలు రాసుకుంటారు. ఆ రోజు అమ్మ ఫోన్ పెట్టేశాక కూడా వెళ్ళి ఏదో పాఠం చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు.

మా ఊరు కొల్లేరు అంచున ఉంటుంది. ఒకటే రోడ్డు, రోడ్డుకు రెండు పక్కలా ఇళ్ళు, ఇళ్ళ వెనక చెరువులు. చేపల మీద బతికే ఊరు. అందరిదీ ఒకటే కులం కాబట్టి వరస తగలని మనిషి ఉండడు. ఊరుమ్మడి చెరువు ఒకటుంది. దాని కాపలా ఇంటికో వంతు. దాని మీద వచ్చేదాంతోనే రామాలయం కట్టారు, మంచినీళ్ళ ప్లాంటు పెట్టారు. నేను విజయవాడ హాస్టల్లో చేరేటప్పుడు నా ఫీజు కూడా ఆ చెరువే కట్టిందని నాన్న ఎప్పుడూ అనేవాడు. చెరువు అన్నా ఊరు అన్నా ఆయనకు ఒకటే.

నాన్న ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అమ్మ అలా కాదు. అమ్మకు జనం కావాలి. కూర పొయ్యిమీద పెట్టి, అది ఉడికేలోపు మూడిళ్ళు తిరిగొచ్చేది. ఎదురింటి అత్తయ్య, అంటే వరసకు అమ్మకు వదిన, ఆవిడతో మాట్లాడకుండా అమ్మ నిద్రపోయిన రోజు లేదంటే అతిశయోక్తి కాదు.

జరిగింది ఇది. ఒక రోజు పొద్దున్నే నాన్న మా చిన్న చెరువుకు మేత వేయడానికి వెళుతూ ఊరుమ్మడి చెరువు గట్టు మీద మా ఊరి కుర్రాళ్ళు కొందరు ఒక మనిషిని కొడుతుండటం చూశాడు. అవతలి గట్టు ఊరివాడు. విసురు వలతో చేపలు పట్టుకుపోతుంటే దొరికాడట. నాన్న కేకేసి పరుగెత్తేసరికి వాళ్ళు వదిలేసి వెళ్ళిపోయారు. ఆ మనిషి ముఖం గుర్తుపట్టేలా లేదు. నాన్న మేత బస్తాలు దింపిన ఆటోలోనే అతన్ని వేసుకుని టౌన్లో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ పోలీసులు వచ్చి అడిగితే తను చూసింది చూసినట్టు, ఎవరెవరో పేర్లతో సహా చెప్పాడు. చెప్పకూడదని ఆయనకు తోచలేదు. అప్పటికి ఎవరూ చెప్పొద్దనలేదు కూడా. ఆ మనిషి కొన్నాళ్ళు కొట్టుమిట్టాడి ఆస్పత్రిలోనే పోయాడు.

అతన్ని ఆస్పత్రిలో చేర్చిన రోజే, సాయంత్రం నాన్న తిరిగొచ్చేసరికి రామాలయం దగ్గర ఊరంతా కూర్చుని ఉంది. చొక్కా మీద ఆ మనిషి రక్తంతోనే నాన్న వెళ్ళి నిలబడ్డాడు. అప్పటికే అంతా అనుకున్నారు. ఎవరొచ్చి అడిగినా ఊళ్ళో ఎవరూ ఏమీ చూడలేదని చెప్పాలి. నాన్న, నేను చూశాను కదా అన్నాడట. ఊరి పెద్ద, ఆయన నాన్నకు అన్న వరస, నాకు పెదనాన్న, మెల్లగానే చెప్పాడట.

"నువ్వు చూసుంటావురా. ఊరు చూడలేదు."

"నేను ఊళ్ళోవాణ్ణి కాదా?"

"ఊళ్ళోవాడివైతే ఊరితోపాటే చూస్తావు."

ఈ మాటలు నాన్న నాకు చాలాసార్లు చెప్పాడు. ప్రతిసారీ అవే మాటలు, అదే వరసలో.

పోలీసులకు ఇచ్చిన మాట వెనక్కి తీసుకోమన్నారు. నాన్న తీసుకోనన్నాడు. అంతే. తిట్టినవాళ్ళు లేరు, చెయ్యెత్తినవాళ్ళు లేరు. మర్నాడు మంచినీళ్ళ ప్లాంటు దగ్గర టిన్ను నింపే మనిషి నాన్న టిన్నును పక్కకు జరిపి వెనకవాళ్ళది పెట్టాడు. కొట్టువాడు సరుకు లేదన్నాడు. ఊరి వాట్సాప్ గ్రూపులోంచి నాన్న నంబరు తీసేశారు. చెరువు కాపలా వంతు మా ఇల్లు దాటి పక్కింటికి వెళ్ళిపోయింది. మాతో మాట్లాడినవాళ్ళకూ ఇదే గతి అని ఒక్క మాట మాత్రం అనుకున్నారు. దాన్ని ఎవరూ కాగితం మీద పెట్టలేదు. పెట్టాల్సిన పని కూడా లేకపోయింది.

ఆ ఆదివారం నేను బయల్దేరాను. గుడివాడ బస్టాండులో మా ఊరి బస్సు ఎక్కేసరికి ఎదురింటి అత్తయ్య కిటికీ పక్కన కూర్చుని ఉంది. నన్ను చూడగానే పక్కకు జరిగి చోటిచ్చింది. నా చెయ్యి పట్టుకుంది. అమ్మ ఎలా ఉందని నన్నే అడిగింది. ఎదురిల్లు అయ్యుండి నన్ను అడుగుతోంది.

"నాకు మీ అమ్మ మీద కోపం ఎందుకుంటదే అమ్మాయ్. మీ అమ్మంటే నాకు ప్రాణం. మీ నాన్న కూడా తప్పు చేశాడని నేననను. నేనైనా ఆ మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్ళేదాన్నే."

మరి ఎందుకు మాట్లాడటం లేదని అడిగాను.

"ఊరు మాట కదమ్మా."

ఊరంటే ఎవరత్తయ్యా అన్నాను. నిజంగానే తెలుసుకుందామని అడిగాను, దెప్పడానికి కాదు.

"ఊరంటే ఊరే. ఎవరని చెప్తాం."

"నీకు ఇష్టం లేదు. ఇంకా చాలామందికి ఇష్టం ఉండదు. అందరూ కలిసి మాట్లాడితే ఏం చేస్తారు?"

"ముందు ఎవరు మాట్లాడతారే?" అంది అత్తయ్య.

బస్సు చెరువుల మధ్యకు వచ్చింది. మా ఊరికి ముందు స్టాపు దాటగానే ఆవిడ నా చేతిలోంచి చెయ్యి తీసుకుని, సంచీ సర్దుకుని, లేచి వెనక సీటుకు వెళ్ళి కూర్చుంది. మా ఊళ్ళో ఇద్దరం దిగాం. ఆవిడ ముందు, నేను వెనక. ఇంటిదాకా ఒకే రోడ్డు మీద నడిచాం. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ రోజే పెదనాన్న ఇంటికి వెళ్ళాను. నేను పెళ్ళై వేరే ఊరు వెళ్ళిన ఆడపిల్లను కాబట్టి నాతో మాట్లాడితే పర్వాలేదని ఆయన లెక్క. మంచం వేసి కూర్చోమన్నాడు. పెద్దమ్మ మజ్జిగ తెచ్చింది. నేను గట్టిగానే మాట్లాడదామని వెళ్ళాను. మీరు పెద్దలు, మీరు ఒక్క మాట అంటే ఇది ఆగిపోతుంది కదా అన్నాను. ఆయన డెబ్బై దాటిన మనిషి. చిన్నప్పుడు నన్ను భుజమ్మీద ఎక్కించుకుని తీసుకెళ్ళి, దోనె పడవలో కొల్లేరు చూపించిన మనిషి.

"నా చేతిలో ఏముందమ్మా. రేపు నేను మీ నాన్నను పలకరించాననుకో. ఎల్లుండి నన్ను పలకరించేవాడు ఉండడు. నా మాట ఊరు వినేది, ఊరు అనుకున్నదే నేను చెప్తానని" అన్నాడు. ఆగి, మజ్జిగ తాగమ్మా అన్నాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. దుర్మార్గుడు కూడా కాదు. దుర్మార్గుడైతే నాకు కాస్త దారి కనిపించేది. నేను ఊరి కోసం ఇల్లిల్లూ వెతికాను. ప్రతి ఇంట్లోనూ ఆ మాట నాది కాదు, పక్కింట్లో అడుగు అన్నారు. చివరి ఇంటి దాకా వెళ్ళినా ఊరు దొరకలేదు. వెనక్కి తిరిగి చూస్తే మాత్రం అమ్మ గుమ్మం ముందు ఎవరూ లేని ఆ ఖాళీలో నిండా ఊరే ఉంది.

మా ఆయన ఇబ్రహీంపట్నంలో కరెంటు తయారుచేసే చోట ఇంజనీరు. ఆయనకు ఏదైనా చెడిపోతే ఎక్కడో ఒక చోట చెడిపోయి ఉంటుందని నమ్మకం. పోలీసులకు చెబుదామన్నాడు. చెప్పాం. ఎస్సైగారు మంచివాడే, ఊళ్ళోకి వచ్చి రామాలయం ముందు అందర్నీ నిలబెట్టి అడిగాడు. వెలి అనేదేం లేదండి, ఎవరి పనుల్లో వాళ్ళున్నాం అన్నారు. నీళ్ళు ఎందుకు ఇవ్వలేదంటే ఆ రోజు మోటారు పనిచేయలేదన్నారు. మాట్లాడకపోవడం నేరమైతే చెప్పండి, రోజూ వచ్చి పలకరిస్తాం అని ఒకడు అంటే అందరూ తలలు వంచుకుని నవ్వాపుకున్నారు. ఎస్సైగారు జీపెక్కుతూ మా ఆయనతో, ఎవరి మీద కేసు రాయమంటారు సార్, మీరే చెప్పండి అన్నాడు.

అమ్మానాన్నల్ని భవానీపురంలో మా ఇంటికి వచ్చేయమన్నాం. నాన్న ససేమిరా అన్నాడు, పారిపోయారంటారన్నాడు. అమ్మను మాత్రం నాతో తెచ్చుకున్నాను. మా అపార్టుమెంటులో అమ్మ లిఫ్టులో ఎదురైన ప్రతివాళ్ళనూ పలకరించేది. వాళ్ళు మర్యాదగా నవ్వి ఫోన్లు చూసుకునేవాళ్ళు. వాళ్ళకు అమ్మ మీద కోపమూ లేదు, ఇష్టమూ లేదు. ఒక రోజు బాల్కనీలో నిలబడి కృష్ణా నది వైపు చూస్తూ అంది అమ్మ. "అక్కడ మాట్లాడకపోయినా మనోళ్ళమ్మా. కనీసం నన్ను చూసి మొహం తిప్పుకుంటారు. ఇక్కడ తిప్పుకోడానికి కూడా నన్ను ఎవరూ చూడరు." వారం తిరక్కుండా వెళ్ళిపోతానంది. దించి వచ్చాను.

ఆ తర్వాత అమ్మ తగ్గిపోవడం మొదలైంది. వెళ్ళినప్పుడల్లా ఇంకాస్త తగ్గి కనిపించేది. టీవీలో వాళ్ళు మాట్లాడుకుంటుంటే మధ్యలో తనూ సమాధానం చెప్పేది. వీధిలో ఎవరో ఎవర్నో "వదినా" అని పిలిస్తే లోపలినుంచి "ఆఁ" అని పలికేసి, తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. నాన్న వినలేదన్నట్టు వల అల్లుకుంటూ ఉండేవాడు. వినకుండా ఎలా ఉంటాడు. ఒకసారి నా ముందే అమ్మ ఆయన్ని అడిగింది.

"పోనీ చూడలేదని చెప్పరాదూ?"

"చూశాను కదే."

"చూశావులే. చెప్పమాకు."

నాన్న వల పక్కన పెట్టి చెరువు వైపు వెళ్ళిపోయాడు. అమ్మ మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. విజయవాడలో డాక్టరుకు చూపించాను. బీపీ తప్ప పెద్ద జబ్బేం లేదు, మనుషుల్లో తిరుగుతూ ఉండమనండి అన్నాడు.

ఎండాకాలంలో ఒక పొద్దున నాన్న ఫోన్ చేశాడు. మీ అమ్మ లేవట్లేదమ్మా అన్నాడు. ఆయన గొంతులో ఏడుపు లేదు. మేం కార్లో వెళ్ళేసరికి పది దాటింది. మా ఊళ్ళో ఎవరైనా పోతే ఇంటి ముందు నిమిషాల మీద జనం చేరతారు. బల్లలు వస్తాయి, టెంటు వస్తుంది, ఎవరింట్లోనూ పొయ్యి వెలగదు. మా ఇంటి ముందు కోళ్ళు తప్ప ఏమీ లేవు. నాన్న ఒక్కడే అమ్మను మంచమ్మీంచి దింపి వరండాలో చాప మీద పడుకోబెట్టాడు. తల పక్కన దీపం పెట్టాడు. గాలికి అది ఆరిపోతుంటే మళ్ళీ వెలిగిస్తూ కూర్చున్నాడు. ఎదురింటి తలుపు వేసి ఉంది. లోపల మనిషి ఉందని తెలుస్తూనే ఉంది.

ముత్తైదువగా పోయిన మనిషికి చేయాల్సినవన్నీ చేసేది ఊళ్ళో ఆడవాళ్ళు. ఏది ముందో ఏది వెనకో నాకు తెలియదు. నాన్న అమ్మను లేపి పట్టుకుంటే నేను నీళ్ళు పోశాను. పసుపు రాశాను. అమ్మ చెయ్యి నా చేతిలోంచి జారిపోయేది. చీర కట్టడం నా ఒక్కదాని వల్ల కాలేదు. చుట్టబెట్టాను. అమ్మ ఎంతమందికి ఈ పని చేసిందో, ఎంతమంది ముసలమ్మలను నవ్వుతూ మాట్లాడిస్తున్నట్టు మాట్లాడుతూ ముస్తాబు చేసిందో గుర్తొచ్చింది.

ఎండ పెరుగుతోంది. చేపల ఊళ్ళో ఐసుకు కొదవుండదు, కానీ మాకు ఇవ్వలేదు. మా ఆయన పక్క ఊరి ఫ్యాక్టరీ దాకా వెళ్ళి డిక్కీలో వేసుకొచ్చాడు. చేపల పెట్టెల్లో వేసే ఐసే, గోనెల్లో చుట్టి అమ్మ చుట్టూ పెట్టాం. మంగలి రానన్నాడు. పాడె కట్టేవాడూ రానన్నాడు. మోయడానికి నాన్న, మా ఆయన ఉన్నారు. ఇంకో ఇద్దరు కావాలి. ఇబ్రహీంపట్నంలో తన కింద పనిచేసేవాళ్ళకు మా ఆయన ఫోన్లు చేస్తున్నాడు.

మధ్యాహ్నం తిరిగాక పెదనాన్న తమ్ముడి కొడుకు ఒకడు వచ్చి గేటు బయట నిలబడ్డాడు. నాన్న వైపు చూడకుండా మా ఆయనతో మాట్లాడాడు. "అల్లుడుగారూ, మీ మావగారు రామాలయం దగ్గరికొచ్చి ఒక్క మాట అంటే చాలని పెదనాన్న చెప్పమన్నాడండి. ఊరంతా వచ్చుద్ది. అన్నీ పద్ధతిగా జరుగుతాయి." నాన్న వింటున్నాడు. అక్కడ అనాల్సిన మాట ఏమిటో, రేపు కేసు విచారణకొచ్చినప్పుడు కోర్టులో అనాల్సిన మాట ఏమిటో ఆయనకు తెలుసు, మాకూ తెలుసు.

నాన్న నా వైపు చూశాడు. వెళ్ళమనడానికీ నాకు నోరు రాలేదు, వద్దనడానికీ రాలేదు. ఆయన చాప పక్కన కూర్చుని అమ్మ నుదుటి మీద చెమ్మ తుడిచాడు. అది చెమట కాదు, ఐసు నీళ్ళు.

"దీనికి జనం కావాలమ్మా" అన్నాడు. "ఎప్పుడూ జనం కావాలి దీనికి."

లేచి, కండువా దులిపి భుజాన వేసుకుని, వెళ్ళాడు.

ఎంతసేపు పట్టిందో తెలియదు. ముందు చప్పుడు వినిపించింది. వీధి చివరినుంచి ఆడవాళ్ళ ఏడుపు, దగ్గరకొస్తున్నకొద్దీ పెద్దదవుతూ. ఎదురింటి తలుపు తెరుచుకుంది. అత్తయ్య జుట్టు విరబోసుకుని రోడ్డు దాటి వచ్చి అమ్మ మీద పడింది. "వదినా, నన్నొదిలి పోయావా, రేపట్నించి నేనెవరితో మాట్లాడను" అని గుండెలు బాదుకుంది. ఆవిణ్ణి లేపడానికి ఇద్దరు పట్టారు. ఎవరో నన్ను పక్కకు జరిపి నేను చుట్టిన చీర విప్పి చక్కగా కుచ్చిళ్ళు పోసి కట్టారు. ఎవరో తలలో పూలు పెట్టారు. బల్లలు వచ్చాయి. టెంటు లేచింది. పెదనాన్న వచ్చి నాన్న భుజం మీద చెయ్యి వేసి, "ఏరా, దీపంలాంటి మనిషి పోయింది కదరా" అని ఏడ్చాడు. నాన్న ఆయన భుజమ్మీద తలపెట్టి అప్పుడు ఏడ్చాడు, పొద్దున్నించీ మొదటిసారి.

అది దొంగ ఏడుపు అనుకోగలిగితే నాకు బాగుండేది. కాదు. అత్తయ్య కళ్ళు వాచిపోయాయి, మూడురోజులు అన్నం ముట్టలేదు. ఆ ఏడుపు ఎంత నిజమో అంతకుముందు మూసిన తలుపూ అంతే నిజం. ఏడిపించిందీ ఊరే, ఏడ్చిందీ ఊరే. ఆ జనం మధ్య కూర్చుని నేను భయపడ్డాను. శవాన్ని చూసి కాదు. ఒక్క మాట తిరిగితే ఇంతమంది మనుషులు ఎటు కావాలంటే అటు నిజంగా మారిపోతారని చూసి. అమ్మను ఎంత గొప్పగా పంపారంటే, పాడె ముందు నడిచేవాళ్ళు శ్మశానం చేరేసరికి వెనకవాళ్ళు ఇంకా మా వీధి దాటలేదు.

కేసు విచారణకు వచ్చినప్పుడు నాన్నతో నేనూ వెళ్ళాను. కోర్టు వరండాలో బల్ల మీద కూర్చున్నాం. పెదనాన్నా, ఇంకొందరూ కాస్త దూరంలో టీ తాగుతున్నారు. చనిపోయిన మనిషి భార్య వచ్చింది. ముప్పై ఐదేళ్ళుంటాయేమో. నాన్నను గుర్తుపట్టి దగ్గరకొచ్చి నమస్కారం పెట్టింది.

"ఆయన్ని ఆస్పత్రికి తెచ్చింది మీరే కదండీ. దారిలో నీళ్ళడిగితే తాగించారంట. చెప్పాడండి నాతో."

నాన్న తలూపాడు. ఆమె మాకు కాస్త ఎడంగా, అదే బల్ల మీద కూర్చుంది.

లోపల నాన్న బోనెక్కి, తను వెళ్ళేసరికి ఆ మనిషి గట్టు మీద పడి ఉన్నాడనీ, చుట్టుపక్కల ఎవరూ లేరనీ చెప్పాడు. పోలీసులకు పేర్లు చెప్పారు కదా అని సర్కారు లాయరు అడిగితే చెప్పలేదన్నాడు. ఏమన్నారో గట్టిగా చెప్పండి అని జడ్జిగారు అన్నారు. "నేను ఎవర్నీ చూడలేదండి" అన్నాడు నాన్న, ఈసారి అందరికీ వినిపించేలా. ఆ కుర్రాళ్ళు చేతులు కట్టుకుని నేలచూపులు చూస్తున్నారు. వాళ్ళలో ఒకడు అమ్మ పాడె మోశాడు.

బయటికొచ్చాక నాన్న కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే ఆమె మళ్ళీ వచ్చింది. తిడుతుందనుకుని నేను మధ్యలో నిలబడ్డాను. తిట్టలేదు. నిజంగా తెలియక అడుగుతున్నట్టు అడిగింది.

"మీ ఊళ్ళో ఎవరైనా ఒక్కరు చూసుంటారా అండీ?"

నాన్న చేతుల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఆమె చెంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

కేసు నిలబడలేదు. నాన్న ఊళ్ళోనే ఉన్నాడు. మంచినీళ్ళ టిన్ను ఇంటికే వస్తుంది. కాపలా వంతు మళ్ళీ మా ఇంటికి వచ్చింది. రామాలయం అరుగు మీద కూర్చుని ఆయన పదిమందితో కలిసి నవ్వడం నేనే చూశాను. ఆ నవ్వు కూడా దొంగ నవ్వు కాదు. ఒక మధ్యాహ్నం ఇద్దరమే ఉన్నప్పుడు ఆ గట్టు సంగతి ఎత్తాను. నాన్న నా మొహం చూడకుండా, "ఆ పొద్దున మంచు బాగా ఉందమ్మా. సరిగా కనపడలేదు" అన్నాడు. అంతకుముందు ఎన్నోసార్లు చెప్పినప్పుడు మంచు లేదు. నన్ను ఏమార్చడానికి అన్నాడా అని మొహం చూశాను. కాదు. ఆయనకు మంచు కనిపిస్తోంది.

చూసినవాడు ఒక్కడే ఉన్నాడు. నాన్న ఉన్నాడు గానీ, ఆ చూసినవాడు ఇప్పుడు లేడు. ఊరు చెప్పిందే జరిగింది, నిజంగానే ఎవరూ చూడలేదు. క్లాసులో ఆ ఏడాది నేను బోర్డు మీద ఆ నిర్వచనం రాయడం మొదలుపెట్టి, సంబంధాల అల్లిక అన్న మాట దగ్గర ఆగిపోయాను. పిల్లలు పెన్నులు పట్టుకుని చూస్తున్నారు. మిగతాది పుస్తకంలో చూసి రాసుకోమన్నాను.

ఉండబట్టలేక ఒక రోజు నేను ఆ అవతలి ఊరు వెళ్ళాను. మా ఊరికీ దానికీ మధ్య చెరువులే. రోడ్డు మాత్రం చుట్టు తిరిగి వెళ్ళాలి. చనిపోయిన మనిషి భార్య ఇంటి ముందు రొయ్యపొట్టు ఎండబెడుతోంది. నేనెవరో చెప్పకముందే గుర్తుపట్టింది. కుర్చీ వేసింది. నేను చెప్పాలనుకున్నదంతా చెప్పేశాను. మా నాన్న చూశాడనీ, ఎవరెవర్ని చూశాడో నాకు పేర్లతో చెప్పాడనీ, అమ్మ శవం ముందు ఏం జరిగిందో కూడా చెప్పాను. పై కోర్టుకు వెళితే నేను వచ్చి చెబుతానన్నాను.

ఆమె చెయ్యి ఆపకుండా పొట్టు కలియబెడుతూ విన్నది.

"మీరు చూడలేదు కదండీ" అంది.

లేదన్నాను.

"పేర్లు మాకూ తెలుసండి. ఊరందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన ఏమవుద్ది."

నాన్నను క్షమించమని అడగడానికి వచ్చానేమో, ఆ మాట మాత్రం నోటికి రాలేదు. ఆమే అంది, నా వైపు తిరిగి.

"ఒకటి చెప్పనా అండీ. మావాళ్ళు మీ ఊరోణ్ణి కొట్టి చంపుంటే, మా ఊళ్ళోనూ ఎవరూ చూసుండరు. నేను చూసినా చూడలేదనే చెప్పేదాన్ని. పిల్లలున్నారు. ఎక్కడికి పోతాం."

కోర్టులో నాన్న మాట విన్నప్పుడు కూడా నాకు అంత చీకటి కమ్మలేదు. అప్పటిదాకా నాలో ఎక్కడో, అన్యాయం జరిగినవాళ్ళ వైపునైనా వేరే రకం మనుషులు ఉంటారన్న ఆశ ఉండేది. ఆమె కోపంతో అనలేదు. ఓదార్చడానికే అన్నట్టు అంది.

సాయంత్రం బస్సుకు నాతో రోడ్డు దాకా వచ్చింది. ఇద్దరం చింతచెట్టు పక్కన నిలబడ్డాం. ఎవరో సైకిలు మీద పోతూ ఆగి, ఈవిడ ఎవరని ఆమెను అడిగాడు. ఆమె నన్ను ఒకసారి చూసి, "ఎవరోనండి, బస్సు కోసం నిలబడ్డారు" అని చెప్పింది. అతను వెళ్ళిపోయాడు. బస్సు వచ్చేసరికి చెరువుల మీద వెలుగు పూర్తిగా పోయింది.